అర్హీనియస్ పట్టికలో మా ఊరి వరుస

ఇంటర్‌లో ఎంపీసీ గానీ బైపీసీ గానీ చదివిన వాళ్ళెవరికైనా అర్హీనియస్ పేరు తగిలే ఉంటుంది. ఫస్టియర్‌లో ఆమ్లాలు, క్షారాలు మొదలవ్వగానే ఆయన సిద్ధాంతం. సెకండియర్‌లో కెమికల్ కైనెటిక్స్‌కి వచ్చేసరికి ఆయన సమీకరణం. ఎంట్రన్స్‌లో ఒక బిట్ వస్తుందని గట్టిగా చదువుతాం, ర్యాంకు రాగానే వదిలేస్తాం. ఆ మనిషి ఎక్కడివాడు, ఎట్లా బతికాడు అన్నది సిలబస్‌లో లేదు కాబట్టి ఎవరం అడగలేదు.

సిలబస్‌లో లేని ఇంకో లెక్క కూడా ఆయన చేశాడు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గితే భూమి ఎంత చల్లబడుతుంది, పెరిగితే ఎంత వేడెక్కుతుంది అని. కంప్యూటర్ లేని రోజుల్లో, కాగితం మీద, దాదాపు ఏడాది పాటు చేశాడు. అది సరైనదో కాదో తేల్చే సాక్ష్యం అప్పటికి మనుషుల చేతిలో లేదు. అంటార్కిటికాలో, గ్రీన్‌లాండ్‌లో లోతైన మంచు పొరల్లో, చిన్న చిన్న గాలి బుడగల్లో ఉంది. ఆయన చనిపోయిన యాభై ఏళ్ళకు గానీ అది బయటికి రాలేదు. ఈ వ్యాసం ఆ మనిషి గురించి, ఆ బుడగల గురించి. మా ఊరు కొండపాక ఇందులోకి ఎందుకొచ్చిందో మధ్యలో చెప్తాను.

సర్వేయర్ గారి అబ్బాయి

స్వాంటే అర్హీనియస్ 1859 ఫిబ్రవరి 19న స్వీడన్‌లో, ఉప్సలా ఊరికి దగ్గర్లోని విక్ అనే చోట పుట్టాడు. తండ్రి భూములు కొలిచే సర్వేయరు. ఉప్సలా యూనివర్సిటీకి ఉన్న భూముల లెక్కలు చూసేవాడు. పిల్లవాడు మూడేళ్ళకే తనంతట తాను చదవడం నేర్చుకున్నాడనీ, నాన్న రాసుకునే లెక్కల పుస్తకాలు చూస్తూ చూస్తూ కూడికలు పట్టేశాడనీ అంటారు. అంకెల మీద ఆ ప్రేమ చివరిదాకా పోలేదు. ఆయన చేసిన పెద్ద పనులన్నీ చూస్తే, ఇతరులు కొలిచి పెట్టిన అంకెలను తీసుకుని వాటిలోంచి ఎవరికీ కనబడని విషయం బయటికి లాగడమే ఆయన ప్రత్యేకత అనిపిస్తుంది.

ఆయన పుట్టిన ఏడాదే లండన్‌లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. గొట్టంలో రకరకాల వాయువులు నింపి, వాటి గుండా వేడి ఎంత పోతుందో కొలిచాడు. ఆక్సిజన్, నైట్రోజన్ వేడిని దాదాపు ఆపవు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఆపుతాయి. గాలిలో ఎక్కువ భాగం ఉన్న వాయువులు ఏమీ చేయకుండా, చాలా తక్కువగా ఉన్నవే భూమిని వెచ్చగా ఉంచుతున్నాయన్న మాట. ఈ సంగతి ఉప్సలాలో ఉయ్యాలలో ఉన్న పిల్లవాడి దగ్గరికి చేరడానికి ముప్పై అయిదేళ్ళు పట్టింది.

బొటాబొటి గ్రేడు

ఉప్సలా యూనివర్సిటీలో చేరిన అర్హీనియస్‌కి అక్కడి ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రొఫెసర్లతో పొసగలేదు. 1881లో స్టాక్‌హోమ్‌లోని సైన్స్ అకాడమీలో ఎరిక్ ఎడ్లుండ్ దగ్గరికి వెళ్ళి, ఉప్పునీటి లాంటి ద్రావణాల్లో కరెంటు ఎట్లా పారుతుందో పరిశోధించాడు. 1884లో 150 పేజీల థీసిస్ ఉప్సలాకు సమర్పించాడు. ఉప్పు నీళ్ళలో కరగగానే విడివిడి అయాన్లుగా మారుతుందన్న ఆలోచనకు బీజం అందులోనే ఉంది. ఇవాళ అది మనకు పదో తరగతి పాఠం. అప్పటి ప్రొఫెసర్లకు మాత్రం మింగుడు పడలేదు. ఫెయిల్ చేయలేదు గానీ చాలా తక్కువ గ్రేడు ఇచ్చి పంపించారు. ఆ గ్రేడుతో అక్కడ లెక్చరర్ ఉద్యోగం దొరకడం కష్టం.

ఆయన ఊరుకోలేదు. థీసిస్ కాపీలు యూరప్‌లో పెద్ద పెద్ద కెమిస్టులకు పోస్ట్ చేశాడు. రీగాలో ఉన్న విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ అది చదివి స్వయంగా ఉప్సలాకు వచ్చి మరీ ఉద్యోగం ఇస్తానన్నాడు. తండ్రి జబ్బుగా ఉండడంతో అర్హీనియస్ అప్పుడు వెళ్ళలేదు. ఆ మరుసటి ఏడాది తండ్రి పోయాడు. తర్వాత అకాడమీ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొన్నేళ్ళు తిరిగాడు: రీగాలో ఓస్ట్‌వాల్డ్, వుర్జ్‌బర్గ్‌లో కోల్‌రాష్, గ్రాజ్‌లో బోల్ట్జ్‌మన్, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాంట్ హాఫ్. ఈ పేర్లు మళ్ళీ చదవండి. కోల్‌రాష్ నియమం, బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, వాంట్ హాఫ్ గుణకం. మనం విడివిడి చాప్టర్లలో చదువుకున్న వాళ్ళంతా ఒకే కాలంలో ఒకరి ల్యాబ్‌కి ఒకరు వస్తూ పోతూ ఉన్న మనుషులు. ఫార్ములా షీట్‌లో ఈ సంగతి తెలియదు.

1887లో అయాన్ల సిద్ధాంతం పూర్తి రూపంలో వచ్చింది. 1889లో చర్యా వేగం సమీకరణం. 1903లో కెమిస్ట్రీ నోబెల్ బహుమతి. స్వీడన్ వాళ్ళకు వచ్చిన మొదటి నోబెల్ అది. ఇచ్చింది దాదాపు ఆ బొటాబొటి థీసిస్‌లో మొదలైన సిద్ధాంతానికే.

పండగ పూట మొదలైన లెక్క

ఈ మధ్యలో, 1891 నుంచి ఆయన స్టాక్‌హోమ్‌లో పాఠాలు చెప్తున్నాడు. అక్కడ ఫిజిక్స్ సొసైటీ అని ఒకటి ఉండేది. భూమి, సముద్రం, ఆకాశం, ఏ విషయమైనా అందరూ కూర్చుని వాదించుకునే చోటు. అప్పట్లో వాళ్ళను వేధిస్తున్న ప్రశ్న హిమయుగం. స్వీడన్ మొత్తం ఒకప్పుడు మందపాటి మంచు కింద ఉండేదనడానికి రాళ్ళ మీద గీతల దగ్గర్నుంచి ఎన్నో గుర్తులున్నాయి. అంత చలి ఎందుకొచ్చింది? ఎందుకు పోయింది? స్కాట్లాండ్‌కి చెందిన జేమ్స్ క్రోల్ అయితే భూమి కక్ష్యలో వచ్చే నెమ్మది మార్పులే కారణమన్నాడు. అర్హీనియస్‌కి అది సరిపోదనిపించింది. కారణం గాలిలోనే ఉందేమోనని అనుమానం.

1894లో ఆయన తన దగ్గర చదువుకున్న సోఫియా రుడ్‌బెక్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడాది డిసెంబర్ 24న, ఊరంతా క్రిస్మస్ సందట్లో ఉన్నప్పుడు, ఈ లెక్క ముందేసుకుని కూర్చున్నాడు. 1895 నవంబర్‌లో కొడుకు ఓలోఫ్ పుట్టాడు. ఆ కాపురం మాత్రం నిలవలేదు, 1896లో విడాకులయ్యాయి. ఏది దేనికి కారణమో బయటివాళ్ళం చెప్పలేం. కానీ ఆ ఏడాదంతా ఆయన టేబుల్ మీద ఉన్నది మాత్రం అంకెలే.

లెక్కకు కావాల్సిన డేటా ఆయన దగ్గర లేదు. అమెరికాలో శామ్యూల్ లాంగ్లీ అనే ఖగోళ శాస్త్రవేత్త చంద్రుడి నుంచి వచ్చే వేడిని కొలిచి పెట్టాడు. చంద్రుడి మీద వేడి ఎంతో తెలుసుకోవాలన్నది లాంగ్లీ ఉద్దేశం. అర్హీనియస్ ఆ పట్టికల్లో వేరే సంగతి చూశాడు. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఆ వేడి తక్కువ గాలిని దాటి వస్తుంది, అంచున ఉన్నప్పుడు ఎక్కువ గాలిని దాటి వస్తుంది. గాలిలో తేమ కూడా రోజుకోలా ఉంటుంది. ఈ తేడాలను విడదీస్తే నీటి ఆవిరి ఎంత వేడి మింగుతుంది, కార్బన్ డయాక్సైడ్ ఎంత మింగుతుంది అన్నది తేలుతుంది. ఒకరు వేరే పని కోసం పోగుచేసిన డేటాసెట్‌ను తన ప్రశ్నకు వాడుకోవడం అంటే ఇదే. మా బ్రాంచ్ వాళ్ళకు ఈ పని కొత్తగా అనిపించదు.

తర్వాత అసలు కష్టం. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే గాలి కొంచెం వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. ఆవిరి కూడా వేడిని ఆపుతుంది కాబట్టి ఇంకా వేడెక్కుతుంది. అంటే వచ్చిన జవాబును మళ్ళీ ఇన్‌పుట్‌గా వేసి లెక్క తిప్పాలి. నేనైతే పైథాన్‌లో ఒక వైల్ లూప్ రాసి ఎంటర్ కొడతాను, టీ తాగేలోపు కాదు, కప్పు ఎత్తేలోపు జవాబు వస్తుంది. ఆయన ఆ లూప్‌ను చేత్తో తిప్పాడు. భూమిని 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి 60 డిగ్రీల దక్షిణం దాకా పదేసి డిగ్రీల పట్టీలుగా కోశాడు. మొత్తం 13 పట్టీలు. ప్రతి పట్టీకి నాలుగు రుతువులు. కార్బన్ డయాక్సైడ్‌కి అయిదు స్థాయిలు: అప్పుడున్న దానిలో 0.67 వంతు, ఒకటిన్నర రెట్లు, రెండు, రెండున్నర, మూడు రెట్లు. పదమూడు నాలుగులు, వాటికి అయిదు రెట్లు. 260 గళ్ళు, ప్రతి గడిలో వేడి ఎంత మారుతుందో ఒక అంకె.

1895 డిసెంబర్‌లో సైన్స్ అకాడమీ ముందు పెట్టాడు. 1896 ఏప్రిల్‌లో ఒక ఇంగ్లీషు జర్నల్‌లో అచ్చయింది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపయితే భూమి అయిదారు డిగ్రీలు వేడెక్కుతుందని వచ్చింది. ఇవాళ సైంటిస్టుల అంచనా సుమారు 3 డిగ్రీలు, అటూ ఇటూగా రెండున్నర నుంచి నాలుగు. ఆయనది ఎక్కువే, కానీ ఎక్కడో లేదు. ఇక హిమయుగం సంగతి. ఐరోపా మధ్యభాగం నాలుగైదు డిగ్రీలు చల్లబడాలంటే గాలిలో కార్బన్ డయాక్సైడ్ అప్పుడున్న దానిలో 0.62 నుంచి 0.55 వంతుకు పడిపోవాలి అని తేల్చాడు. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వాటి దగ్గరికి వస్తాం.

మా ఊరి వరుస

హైదరాబాద్ నుంచి సిద్దిపేట పోయే దారిలో వచ్చే మండలం మా కొండపాక. అక్షాంశం దాదాపు 18 డిగ్రీలు. ఆ పట్టికలో 10 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరుస ఒకటి ఉంది కదా, అది మాది. కొండపాకదే కాదు, వరంగల్, విజయవాడ, విశాఖ, తెలుగువాళ్ళ ఊళ్ళన్నీ ఇంచుమించు ఆ వరుసలోనే వస్తాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపయితే ఆ వరుసలో వచ్చిన జవాబు 5 డిగ్రీల దరిదాపు. స్టాక్‌హోమ్‌లో కూర్చున్న మనిషి, ఈ ఊళ్ళ పేరు కూడా వినని మనిషి, 1895లోనే మన ఎండాకాలాన్ని లెక్కగట్టి పెట్టాడు. ఆ పట్టికను ల్యాప్‌టాప్‌లో టైప్ చేసుకుంటున్నప్పుడు ఆ వరుస దగ్గర నేను ఆగిపోయాను.

ఎందుకంటే ఆయన ఆ వరుసను ఎట్లా చదివాడన్నది ముఖ్యం. ఆయన తోటి శాస్త్రవేత్త అర్విద్ హోగ్‌బోమ్ అప్పటికే ఫ్యాక్టరీల బొగ్గు నుంచి ఎంత కార్బన్ గాలిలోకి పోతోందో లెక్క వేశాడు. మనుషులు గాలిని మార్చగలరని ఇద్దరికీ తెలుసు. కానీ అప్పటి బొగ్గు వాడకంతో అది చాలా చాలా కాలం పట్టే పని. తర్వాత 1906లో సామాన్యుల కోసం రాసిన పుస్తకంలో, బొగ్గు వాడకం పెరుగుతోంది కాబట్టి ఈ మార్పు కొన్ని వందల ఏళ్ళలోనే కనబడవచ్చని కూడా రాశాడు. కంగారుపడి కాదు, సంతోషంగానే. చలి దేశాలకు మంచి వాతావరణం వస్తుంది, పంటలు బాగా పండుతాయి, మళ్ళీ హిమయుగం రాకుండా ఉంటుంది అని ఆయన ఆశ.

స్వీడన్ చలికాలం తెలిసినవాడు అట్లా అనుకోవడంలో వింత లేదు. కానీ ఆయన పట్టికలో స్వీడన్ పడేది రెండు వరుసల్లోనే, మిగతావి పదకొండు. మేలో మా ఊళ్ళో 43, 44 దాకా పోయే ఎండకు ఇంకో రెండు డిగ్రీలు కలిపితే ఏమవుతుందో అడగడానికి మా తాత చాలు. ఉపాధి హామీ పనికి పోయేవాళ్ళు తెల్లారకముందే బయల్దేరి, ఎండ ముదరకముందే ఇంటికి చేరతారు. యాసంగి వడ్లు కళ్ళంలో ఆరబోసినప్పుడు మబ్బు పడితే ఊరంతా టార్పాలిన్ల కోసం పరుగు. అయిదు డిగ్రీలు అన్న అంకె ఆ వరుసలో స్వీడన్ వరుసలో ఉన్నట్టే కనబడుతుంది. బతుకులో మాత్రం అది వేరే అంకె. లెక్కలో తేడా లేదు, చదివిన చోటులో తేడా ఉంది.

మంచు పక్కన నిలబడి

పేపర్ అచ్చయిన 1896 ఎండాకాలంలోనే అర్హీనియస్ ఉత్తర ధ్రువం వైపు వెళ్ళాడు. సాలమన్ ఆంద్రే అనే ఇంజనీరు హైడ్రోజన్ బెలూన్‌లో ధ్రువం మీదుగా ఎగరాలని స్పిట్స్‌బెర్గెన్ దీవులకు బయల్దేరితే, ఆ బృందంతో పాటు పరిశీలనలు చేయడానికి ఈయనా వెళ్ళాడు. కావలసిన దక్షిణపు గాలి కోసం వారాల తరబడి చూశారు. గాలి తిరగలేదు. అందరూ వెనక్కి వచ్చేశారు. మరుసటి ఏడాది ఆంద్రే ఇంకో ఇద్దరితో నిజంగానే ఎగిరాడు, ముగ్గురూ తిరిగి రాలేదు. వాళ్ళ ఆనవాళ్ళు 1930లో గానీ దొరకలేదు.

గాలి గురించి అంత లెక్క చేసిన మనిషి, ఆ వేసవి మంచు నదుల మధ్య గాలి కోసం ఎదురుచూస్తూ గడిపాడు. పాత కాలపు గాలి మంచులో దాగి ఉంటుందని ఆయనకు తెలియదు, అప్పటికి ఎవరికీ తెలియదు. స్పిట్స్‌బెర్గెన్ మంచు ఎండాకాలంలో పైపైన కరిగి మళ్ళీ గడ్డకడుతుంది కాబట్టి అక్కడ తవ్వినా నమ్మకమైన జవాబు వచ్చేది కాదు. ఎప్పుడూ కరగని చోటు కావాలి.

ఈలోగా ఇంటి దగ్గరే ఎదురుదెబ్బ తగిలింది. 1900లో నట్ ఆంగ్‌స్ట్రామ్ అనే ఉప్సలా శాస్త్రవేత్త (పొడవుకు వాడే ఆంగ్‌స్ట్రామ్ యూనిట్ ఈయన తండ్రి పేరు మీద వచ్చింది) ఒక ప్రయోగం చూపించాడు. గొట్టంలో కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించినా ఆగే వేడి పెద్దగా మారలేదు. ఉన్న వాయువే ఆపగలిగినంతా ఆపేస్తోంది, ఇంకా పెంచితే ఒరిగేదేమీ లేదని దాని అర్థం. చాలామంది దాన్నే నమ్మారు. పైన పలచబడే గాలి పొరల్లో సంగతి వేరు అని స్పష్టంగా తేలడానికి ఇంకా యాభై ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా అర్హీనియస్ లెక్క అటక మీదికి పోయింది.

ఆయన మాత్రం ఆగలేదు. 1905లో మారియా యోహాన్సన్‌ను పెళ్ళి చేసుకున్నాడు, మరో ముగ్గురు పిల్లలు. అదే ఏడాది నోబెల్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టర్ అయ్యాడు. సీరమ్‌లు, విషాల మీద కెమిస్ట్రీ ప్రయోగించాడు. జీవం విత్తనాల్లా అంతరిక్షంలో ప్రయాణిస్తుందేమోనని ఊహించాడు. ఇష్టం లేని సంగతి ఒకటి కూడా చెప్పాలి. మనుషుల్లో మేలు జాతి, తక్కువ జాతి అని విడదీసే ఆలోచనను సైన్స్ పేరుతో నడిపిన స్వీడన్ సంఘంలో ఆయన కూడా ఉన్నాడు. అంకెల్లో అంత జాగ్రత్త ఉన్నవాడు మనుషుల విషయంలో ఆ జాగ్రత్త చూపలేదు. అదీ ఆయన జీవితంలో భాగమే, దాచిపెడితే ఇది జీవిత కథ కాదు, ఫ్లెక్సీ అవుతుంది.

1927 అక్టోబర్ 2న స్టాక్‌హోమ్‌లో కన్నుమూశాడు. ఉప్సలాలో సమాధి చేశారు.

బుడగలు చెప్పిన సంగతి

అంటార్కిటికాలో పడిన మంచు కరగదు, పొర మీద పొర పడుతూనే ఉంటుంది. పై పొరల్లో గింజల మధ్య సందులుంటాయి కాబట్టి గాలి ఆడుతుంది. అరవై నుంచి వంద మీటర్ల లోతుకు వచ్చేసరికి పై బరువుకు ఆ సందులు మూసుకుపోతాయి. అక్కడున్న గాలి అక్కడే బందీ. ఒక కిలో మంచులో సుమారు 100 మిల్లీలీటర్ల గాలి ఉంటుంది, అంటే చిన్న టీ గ్లాసుకు సరిపడా. సందులు మూసుకునేది ఆలస్యంగా కాబట్టి, బుడగలో గాలి వయసు దాని చుట్టూ ఉన్న మంచు వయసు కంటే తక్కువ. ఆ తేడా కూడా లెక్కలో వేసుకోవాలి.

ఈ గాలిని చదవచ్చన్న ఆలోచన క్లాడ్ లోరియస్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్తకు 1965లో అంటార్కిటికాలోనే వచ్చింది. తవ్వి తీసిన పాత మంచు ముక్క విస్కీ గ్లాసులో వేస్తే బుడగలు పైకి లేచాయి. అవి ఏనాటి గాలి బుడగలో కదా అనిపించింది. అనిపించడం వేరు, కొలవడం వేరు. మంచును కరిగించి గాలి తీస్తే లెక్క తప్పుతోంది. మంచులోని దుమ్ములో కార్బొనేట్లుంటాయి, ఆమ్లాలూ ఉంటాయి. నీళ్ళు కాగానే ఆ రెండూ కలిసి కొత్త కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అంటే అర్హీనియస్ లెక్కను పరీక్షించే దారిలో అర్హీనియస్ ఆమ్లాలే అడ్డం పడ్డాయి! చివరికి కరిగించకుండా, శూన్యంలో మంచును పొడి చేసి గాలి తీసే పద్ధతి కుదిరింది. 1980 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ వాళ్ళు, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ వాళ్ళు విడివిడిగా ఒకే మాట తేల్చారు. హిమయుగంలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ నిజంగానే తక్కువ.

1987లో వోస్తోక్ అనే రష్యన్ స్థావరంలో తవ్విన మంచు నుంచి లక్షా అరవై వేల ఏళ్ళ చరిత్ర వచ్చింది. 1999కి అది 4 లక్షల 20 వేల ఏళ్ళయింది. తర్వాత డోమ్ సి అనే చోట యూరప్ బృందం తవ్విన మంచుతో 8 లక్షల ఏళ్ళకు చేరింది. మంచులోని హైడ్రోజన్, ఆక్సిజన్ ఐసోటోపులు అప్పటి వేడి చెప్తాయి, అదే మంచులోని బుడగలు అప్పటి గాలి చెప్తాయి. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా కలిసి ఎక్కుతాయి, కలిసి దిగుతాయి. చలి కాలాల్లో కార్బన్ డయాక్సైడ్ 180 పీపీఎం దగ్గర, వెచ్చని కాలాల్లో 280 దగ్గర. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు.

ఇప్పుడు అర్హీనియస్ అంకెల దగ్గరికి వద్దాం. ఆయన కాలంలో గాలిలో ఉన్నది 295 దాకా. 180ని 295తో భాగించి చూడండి. 0.61. ఆయన చెప్పింది 0.62 నుంచి 0.55.

ఇందులో కొంత అదృష్టం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. చంద్రుడి డేటాలో లోపాలున్నాయి. హిమయుగపు చలిలో కొంత భాగం కార్బన్ డయాక్సైడ్ వల్ల కాదు, తెల్లటి మంచు ఎండను తిప్పికొట్టడం వల్ల. కార్బన్ డయాక్సైడ్ ఎందుకు తగ్గిందన్న చోట కూడా ఆయన ఊహ నిలవలేదు. అగ్నిపర్వతాలు తక్కువ పొగ వదలడం వల్ల అనుకున్నాడు. నిజానికి మొదటి తోపు క్రోల్ చెప్పిన కక్ష్య మార్పులదే. ఆ లెక్కను తర్వాత సెర్బియాకు చెందిన మిలాంకోవిచ్ సరిచేశాడు. కక్ష్య కొంచెం తోస్తే, సముద్రాలు కార్బన్ డయాక్సైడ్‌ను మింగడమో వదలడమో చేసి దాన్ని పెద్దది చేశాయి. అంటే స్టాక్‌హోమ్ సొసైటీలో వాదించుకున్న రెండు పక్షాలూ చెరి సగం గెలిచాయి.

వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా, ఇప్పుడు కొత్తేముంది అనే ఫార్వర్డ్ మీ గ్రూపులకు కూడా వచ్చే ఉంటుంది. మారింది నిజమే. ఎంత మారిందో, ఎంత నెమ్మదిగా మారిందో కూడా ఆ బుడగల్లోనే ఉంది. గత హిమయుగం ముగిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ 80 పీపీఎం దాకా పెరగడానికి ఆరేడు వేల ఏళ్ళు పట్టింది. మా ఊరి రుద్రేశ్వరాలయం కాకతీయుల నాటిది. ఆ గుడి కట్టిన శిల్పులు పీల్చిన గాలి ఎట్లా ఉండేదో ఇవాళ చెప్పగలం, ఎందుకంటే గాలి దేశదేశాలూ తిరిగి కలిసిపోతుంది, ఆ కాలపు గాలి ధ్రువాల మంచులో ఉంది. 280 కొంచెం అటూ ఇటూ. అంతకు ముందు వేల ఏళ్ళ నుంచీ దాదాపు అంతే. ఇప్పుడు 420 దాటింది. 8 లక్షల ఏళ్ళ బుడగల్లో ఎక్కడా 300 మించి లేదు.

అర్హీనియస్ జీవితం కూడా ఆ మంచులో నమోదై ఉంది. ఆయన పుట్టిన 1859 నాటి గాలిలో సుమారు 286 పీపీఎం. ఆయన పోయిన 1927 నాటికి సుమారు 306. అరవై ఎనిమిదేళ్ళ జీవితంలో 20 పెరిగింది. ఆయన లెక్క చేస్తున్నప్పుడే అది జరుగుతోంది, కానీ చూసే సాధనం లేదు. నేను 2006లో పుట్టాను. అప్పటి గాలిలో 382. నా పంతొమ్మిదేళ్ళలోనే 40కి పైగా పెరిగింది. ఆయన జీవితమంతటికీ రెట్టింపు. నా దాని కోసం మంచు తవ్వాల్సిన పని లేదు, హవాయి కొండ మీద మౌనా లోవాలో రోజూ కొలుస్తున్నారు. 1958 నుంచి మొత్తం డేటా ఫ్రీగా దొరుకుతుంది, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఆ పట్టిక ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఒక స్ప్రెడ్‌షీట్‌గా ఉంది. 10 నుంచి 20 డిగ్రీల వరుసకు పసుపు రంగు వేశాను. రెట్టింపు అన్న కాలమ్‌కి మనం ఇంకా చేరలేదు. ఒకటిన్నర రెట్లు అన్న కాలమ్‌కి, ఆయన కాలపు గాలితో పోలిస్తే, దగ్గరికి వచ్చేశాం.